ఇమ్మ్యూటబుల్ డెస్క్‌టాప్‌ని సొంతంగా డిజైన్ చేసుకోవడం: కాగితం మీద గీతల నుంచి మొదటి రోల్‌బ్యాక్ దాకా

కొన్నేళ్ల కిందట ఓ వేసవి సాయంత్రం ఇంట్లో డెస్క్‌టాప్‌కి లినక్స్ అప్‌గ్రేడ్ పెట్టి టీ తాగడానికి లేచాను. వెయ్యికి పైగా ప్యాకేజీలు. సగం దాటాక కరెంటు పోయింది. యూపీఎస్ ఉంది గానీ దాని బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. కరెంటు వచ్చాక చూస్తే కెర్నెల్ కొత్తది, దాని మాడ్యూళ్లు సగమే ఉన్నాయి. కొన్ని లైబ్రరీలు పాతవి, వాటి మీద నడిచే ప్రోగ్రాములు కొత్తవి. పాత ఓఎస్ పోయింది, కొత్తది రాలేదు. ఆ రాత్రి పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి ఒక్కో ప్యాకేజీనీ సరిచేస్తూ తెల్లవార్చాను.

అలాంటి సగం సగం స్థితి అసలు పుట్టకుండా చూడటమే ఇమ్మ్యూటబుల్ ఓఎస్ పని. పేరు చూసి చాలామంది "ఇందులో ఏదీ మార్చలేం" అనుకుంటారు. మార్చొచ్చు. కాకపోతే ఓఎస్ భాగం ఫైలు ఫైలుగా మారదు, మొత్తం ఒకేసారి మారుతుంది. పాతదైనా పూర్తిగా ఉంటుంది, కొత్తదైనా పూర్తిగా ఉంటుంది. క్రోమ్‌బుక్‌లు 2011 నుంచీ ఇలాగే నడుస్తున్నాయి. మ్యాక్ఓఎస్ 2019లో కాటలీనాతో సిస్టమ్ భాగాన్ని రీడ్-ఓన్లీ (చదవడమే తప్ప రాయడం కుదరని) వాల్యూమ్‌గా విడదీసింది, మరుసటి ఏడాది బిగ్ సర్‌లో దానికి సంతకపు ముద్ర కూడా వేసింది.

ఈ వ్యాసంలో అలాంటి లినక్స్ డెస్క్‌టాప్ ఒకటి ఎలా గీయాలో, ఎలా కట్టాలో వరసగా చెబుతాను. యూఈఎఫ్ఐ (ఓఎస్‌ని బూట్ చేసే ఫర్మ్‌వేర్) ఉన్న మామూలు ల్యాప్‌టాప్, గ్నోమ్ డెస్క్‌టాప్, ముడిసరుకుగా ఫెడోరా లినక్స్ ప్యాకేజీలు, కట్టడానికి సిస్టమ్‌డీ (లినక్స్‌లో బూట్‌నీ, సర్వీసులనీ నడిపేది) ప్రాజెక్టు పనిముట్లు. డైరెక్టరీల పేర్లు, కమాండ్లు పలికినట్టే తెలుగులో రాస్తున్నాను. టైపు చేసేటప్పుడు మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలని వేరే చెప్పక్కర్లేదు.

1. ముందు కంప్యూటర్ ఆపేసి కాగితం తీయండి

ఓఎస్ భాగాన్ని రీడ్-ఓన్లీగా మౌంట్ చేయడం (డిస్క్ భాగాన్ని తెరిచి వాడుకలోకి తేవడం) ఒక్క పదం పని. ఆ పదం రాశాక "ఇప్పుడిది ఎక్కడ రాసుకోవాలి?" అని ప్రతి ప్రోగ్రామూ అడగడం మొదలుపెడుతుంది. వాటన్నిటికీ చోటు చూపించడమే అసలు డిజైన్. అందుకే మొదటి రోజు కీబోర్డు ముట్టుకోకండి.

కాగితం మీద మూడు గళ్లు గీయండి. మొదటి గడిలో ఓఎస్ తయారుచేసేవాళ్ల సొత్తు రాయండి: ప్రోగ్రాములు, లైబ్రరీలు, కెర్నెల్ మాడ్యూళ్లు, ఫాంట్లు, డిఫాల్ట్ సెట్టింగులు. ఇదంతా /యూఎస్ఆర్ కిందికి వస్తుంది. రెండో గడి ఈ ఒక్క యంత్రానిది: వైఫై పాస్‌వర్డ్, ప్రింటర్ పేరు, టైమ్‌జోన్, లాగ్‌లు. సెట్టింగులు /ఈటీసీలో, పోగయ్యే డేటా /వార్‌లో. మూడో గడి మనిషిది, అంటే /హోమ్.

గీయడం తేలికే, నింపేటప్పుడే తగాదాలు వస్తాయి. ఉదాహరణకి ప్యాకేజీల డేటాబేస్ తీసుకోండి. ఫెడోరాలో ప్యాకేజీలు వేసే ఆర్‌పీఎం తన డేటాబేస్‌ని ఏళ్ల తరబడి /వార్‌లో పెట్టుకుంది. మామూలు లినక్స్‌లో ఇబ్బంది లేదు. మన దాంట్లో /యూఎస్ఆర్ పాత వెర్షన్‌కి వెనక్కి వెళ్లినా /వార్ వెళ్లదు. అప్పుడు డేటాబేస్ ఒకటి చెబుతుంది, డిస్క్‌లో ఇంకోటి ఉంటుంది. ఆ డేటాబేస్ వర్ణించేది మొదటి గడిని, కాబట్టి అదీ మొదటి గడిలోనే ఉండాలి. ఫెడోరా 36వ వెర్షన్‌లో దాన్ని /యూఎస్ఆర్ కిందికి మార్చారు. డెబియన్ డీపీకేజీ డేటాబేస్ ఇంకా /వార్‌లోనే ఉంటుంది. డెబియన్ ముడిసరుకుతో కట్టేవాళ్లు ఈ సంగతి ముందే చూసుకోవాలి.

ఇంకో తగాదా /ఆప్ట్ డైరెక్టరీది. బయటి కంపెనీల ప్యాకేజీలు కొన్ని ఇక్కడ దిగుతాయి, గూగుల్ క్రోమ్ అందుకు మంచి ఉదాహరణ. ఇది ఏ గడిది? ఇమేజ్ (ఓఎస్ మొత్తాన్ని ఒకే ఫైలుగా చుట్టినది) కట్టేటప్పుడు మనమే పెడితే మొదటిది, వాడేవాళ్లు తర్వాత పెట్టుకుంటే రెండోది. ఈ ప్రశ్నకి నా జవాబు: ఇమేజ్‌లోకి వచ్చేదేదీ /ఆప్ట్‌లో ఉండకూడదు, కట్టేటప్పుడే /యూఎస్ఆర్ కిందికి జరిపెయ్యాలి.

ఒక పూట పడుతుంది ఈ పని. తర్వాత వచ్చే ప్రతి చిక్కుకీ ఈ కాగితం దగ్గరికే తిరిగి రావాలి కాబట్టి చక్కగా రాసుకోండి.

2. ఏ పద్ధతిలో కట్టాలి?

నాలుగైదు దారులున్నాయి. 2018లో ఆ పేరుతో మొదలైన ఫెడోరా సిల్వర్‌బ్లూ ఓఎస్‌ట్రీ మీద నడుస్తుంది. గిట్ కోడ్‌ని దాచినట్టు ఓఎస్‌ట్రీ ఫైల్‌సిస్టమ్ చెట్టు మొత్తాన్ని వెర్షన్లుగా దాస్తుంది. మారని ఫైళ్లని రెండు వెర్షన్లూ పంచుకుంటాయి కాబట్టి చోటు ఆదా. ఓపెన్‌సూసే మైక్రోఓఎస్, దాని డెస్క్‌టాప్ తోబుట్టువు ఏయాన్ బీటీఆర్‌ఎఫ్ఎస్ అనే ఫైల్‌సిస్టమ్‌తో స్నాప్‌షాట్ (ఆ క్షణపు నకలు) తీసి అందులో అప్‌డేట్ చేసి, తర్వాతి బూట్‌లో దానిలోకి మారతాయి. నిక్స్ఓఎస్‌ది వేరే లోకం: ప్రతి ప్యాకేజీకీ హ్యాష్‌తో (లెక్కగట్టిన వేలిముద్ర లాంటిది) సొంత ఫోల్డరు, వాటికి లింకులు కలిపి ఒక తరం. నిక్స్ భాష నేర్చుకోగలిగితే అంత శక్తిమంతమైనది ఇంకోటి లేదు. నేర్చుకోవడమే కష్టం.

ఈమధ్య బాగా ఊపందుకున్నది బూట్‌సీ. డాకర్ ఫైలు రాసినట్టే ఓఎస్‌ని రాసి, కంటైనర్ ఇమేజ్‌గా రిజిస్ట్రీలో (ఇమేజ్‌లు దాచే సర్వర్‌లో) పెడితే కంప్యూటర్ అక్కడినుంచి లాక్కుని బూట్ అవుతుంది. కంటైనర్లతో రోజూ పనిచేసేవాళ్లు, వచ్చే వారానికల్లా ఏదో ఒకటి నడవాలనుకునేవాళ్లు కళ్లు మూసుకుని ఈ దారి పట్టండి.

నేను మాత్రం ఇక్కడ ఏ-బీ స్లాట్ల పద్ధతి ఎంచుకుంటున్నాను. ఒకే ఓఎస్‌కి డిస్క్ మీద రెండు చోట్లు. ఒకదాంట్లో నడుస్తుంటారు, రెండోదాంట్లోకి కొత్తది దిగుతుంది. క్రోమ్ఓఎస్ చేసేది ఇదే, ఆండ్రాయిడ్ 7.0తో 2016లో తెచ్చుకున్నది ఇదే, స్టీమ్ డెక్‌లోని స్టీమ్‌ఓఎస్ 3 కూడా ఇదే. చోటు ఎక్కువ తింటుంది, కానీ ఎక్కడ ఏం జరుగుతోందో వేలుపెట్టి చూపించొచ్చు. నేర్చుకోవడానికి ఇంతకంటే తేటగా ఉండేది లేదు.

మనం స్లాట్లు చేసేది /యూఎస్ఆర్ ఒక్కదానికే. /బిన్, /లిబ్, /ఎస్‌బిన్ అన్నీ ఇప్పుడు /యూఎస్ఆర్ లోపలికి చూపించే లింకులే (ఫెడోరా 2012లోనే ఇలా కలిపేసింది). అందువల్ల /యూఎస్ఆర్ ఒక్కటి మారితే ఓఎస్ మొత్తం మారినట్టే.

3. డిస్క్ పంచుకోవడం

- ఈఎస్‌పీ, అంటే బూట్ పార్టిషన్: 1 జీబీ
- /యూఎస్ఆర్ ఏ: 6 జీబీ, దాని వెరిటీ పార్టిషన్: 64 ఎంబీ
- /యూఎస్ఆర్ బీ: 6 జీబీ, దాని వెరిటీ పార్టిషన్: 64 ఎంబీ
- మిగతా డిస్క్ అంతా: ఎన్‌క్రిప్ట్ చేసిన రూట్. /ఈటీసీ, /వార్, /హోమ్ ఇందులోనే.

వెరిటీకి 64 ఎంబీ ఎందుకో లెక్క చూద్దాం. డీఎం-వెరిటీ (డేటా మారిందేమో చదివేటప్పుడే పట్టుకునే కెర్నెల్ ఏర్పాటు) డిస్క్‌ని 4096 బైట్ల బ్లాకులుగా చూసి ఒక్కోదానికి 32 బైట్ల ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్ రాస్తుంది. అంటే డేటాలో 128వ వంతు. 6 జీబీకి 48 ఎంబీ. ఆ హ్యాష్‌ల మీద మళ్లీ హ్యాష్‌లు, వాటి మీద ఇంకో వరస, అలా చివరికి ఒకే ఒక్క హ్యాష్ మిగిలేదాకా. పై వరసలన్నీ కలిపినా అర ఎంబీ కూడా కాదు. 64 ఎంబీ హాయిగా సరిపోతుంది.

6 జీబీ మాత్రం లెక్క కాదు, జాగ్రత్త. ఈరోఎఫ్ఎస్ అనే రీడ్-ఓన్లీ ఫైల్‌సిస్టమ్‌లో కంప్రెస్ చేశాక నా గ్నోమ్ ఇమేజ్ దాదాపు రెండున్నర జీబీ వచ్చింది. మరి రెట్టింపుకి పైగా ఎందుకు? ల్యాప్‌టాప్ వాడుకలోకి వెళ్లాక స్లాట్ సైజు పెంచడం నరకం కాబట్టి. ఫర్మ్‌వేర్ ఫైళ్లు ఏటా పెరుగుతాయే గానీ తగ్గవు. ఇక్కడ పిసినారితనం పనికిరాదు.

విండోస్ పక్కన పెట్టుకునేవాళ్లకి ఒక గొయ్యి ఉంది. విండోస్ ఇన్‌స్టాలర్ మామూలుగా చేసే ఈఎస్‌పీ 100 ఎంబీయే. మన కెర్నెల్ ఫైలు ఒక్కటే అంత ఉండొచ్చు, అలాంటివి రెండు పట్టాలి. ఈఎస్‌పీని పెంచడానికి కుస్తీ పట్టకండి. ఎక్స్‌బూట్‌ఎల్‌డీఆర్ అనే రకంతో ఇంకో బూట్ పార్టిషన్ చేస్తే సిస్టమ్‌డీ-బూట్ (బూట్ మెనూ చూపించి కెర్నెల్‌ని మొదలుపెట్టే ప్రోగ్రాం) అందులోనూ వెతుక్కుంటుంది.

ఇవన్నీ ఇన్‌స్టాల్ చేసేటప్పుడే చేయక్కర్లేదు. పంపే ఇమేజ్‌లో ఈఎస్‌పీ, ఏ స్లాట్, దాని వెరిటీ ఉంటే చాలు. మొదటి బూట్‌లో సిస్టమ్‌డీ-రీపార్ట్ లేచి బీ స్లాటునీ, రూట్‌నీ డిస్క్‌కి తగ్గట్టు తనే సృష్టిస్తుంది.

4. ఇమేజ్ కట్టడం

పనిముట్టు ఎంకేఓఎస్‌ఐ. ఏ డిస్ట్రిబ్యూషన్, ఏ ప్యాకేజీలు, ఎలాంటి ఇమేజ్ కావాలో ఒక సెట్టింగుల ఫైల్లో రాస్తే కట్టి ఇస్తుంది. ప్యాకేజీల జాబితా చిన్నగా మొదలుపెట్టండి: కెర్నెల్, ఫర్మ్‌వేర్, సిస్టమ్‌డీ, గ్నోమ్ షెల్, నెట్‌వర్క్‌మేనేజర్, పైప్‌వైర్ (ధ్వనికి), కప్స్ (ప్రింటర్లకి), ఫ్లాట్‌ప్యాక్ (యాప్‌లని విడి డబ్బాల్లో నడపడానికి).

మనవాళ్ల కోసం కడుతున్నారు కాబట్టి తెలుగు విషయం ఇక్కడే తేల్చుకోవాలి. తెలుగు లొకేల్ (భాష సెట్టింగులు), నోటో తెలుగు ఫాంట్లు, ఐబస్ అనే కీబోర్డు ఇంజన్, దానికి ఎం17ఎన్ పట్టికలు (ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్ రెండూ అందులోనే వస్తాయి) మొదటి గడిలోవే. "తర్వాత యాప్‌లా వేసుకుంటారులే" అని వదిలేస్తే కుదరదు. కీబోర్డు ఇంజన్ డెస్క్‌టాప్‌తో పాటు నడవాల్సింది, ఫ్లాట్‌ప్యాక్ డబ్బాలో కూర్చుని బయటి యాప్‌లకి అక్షరాలు అందించలేదు. నా మొదటి ఇమేజ్‌లో దీన్ని మరిచిపోయాను. మా నాన్న లాగిన్ అయ్యి మొదట అడిగింది "ఇందులో తెలుగు ఎక్కడరా?" అనే.

కట్టాక తుడవాల్సినవి ఉంటాయి. మెషీన్-ఐడీ ఫైలు ఖాళీగా ఉండాలి, లేకపోతే మీ ఇమేజ్ దించుకున్న ప్రతి కంప్యూటరూ తన పేరు ఒకటే అంటుంది. ఎస్‌ఎస్‌హెచ్ హోస్ట్ కీలు (దూరం నుంచి లాగిన్ అయ్యేవాళ్లకి ఈ యంత్రాన్ని గుర్తుపట్టించే రహస్య కీలు) ఉండకూడదు. ఇది మరిచిపోతే అందరి ఇంటికీ ఒకే తాళంచెవి పంచినట్టు.

ఇంకోటి, నన్ను వారం పాటు ఏడిపించినది: సిస్టమ్ యూజర్ల నంబర్లు. ప్యాకేజీలు దిగేటప్పుడు కొన్ని సర్వీసులు తమకో యూజర్‌ని సృష్టించుకుంటాయి, ఖాళీగా ఉన్న ఏదో నంబరు దొరుకుతుంది. ఈ వారం ఒక సర్వీసుకి 987 వచ్చింది. వచ్చే వారం ప్యాకేజీల వరస మారి 985 వస్తుంది. /వార్‌లో దాని ఫైళ్ల మీద మాత్రం 987 అనే రాసుంటుంది. అప్‌డేట్ అయ్యాక సర్వీసు తన ఫైలు తనే తెరవలేదు, లేదా ఇంకా ఘోరంగా, వేరే సర్వీసు తెరిచేస్తుంది. సిస్టమ్‌డీ యూజర్లని సృష్టించడానికి చదివే సిస్‌యూజర్స్ ఫైళ్లలో నంబర్లు మీరే స్థిరంగా రాసిపెట్టండి. కొత్త సర్వీసు చేరినప్పుడల్లా జాబితా చివర ఒక వరస కలపడమే.

చివరిగా ఇమేజ్‌కి వెర్షన్ నంబరు. ఓఎస్-రిలీజ్ ఫైల్లో ఇమేజ్ ఐడీ, ఇమేజ్ వెర్షన్ అనే రెండు వరసలు ఇందుకే ఉన్నాయి. తేదీని నంబరుగా పెట్టుకోవడం ఉత్తమం. "ఫైనల్-2-కొత్తది" లాంటి పేర్లతో మనందరికీ అనుభవం ఉంది.

5. తాళం వేయడం

రీడ్-ఓన్లీ మౌంట్ అంటే తలుపు దగ్గరగా వేయడమే. రూట్ (అడ్మిన్) హక్కులున్న ఏ ప్రోగ్రాం అయినా తీసుకుని లోపలికి వెళ్లగలదు. స్టీమ్‌ఓఎస్‌లో ఒక్క కమాండ్‌తో రాయడానికి వీలుగా మారుతుంది కూడా. నమ్మకంగా బూట్ అయితే చాలు అనుకుంటే అంతటితో ఆగొచ్చు, తప్పేమీ లేదు. భద్రత కూడా కావాలంటే గొలుసు కట్టాలి.

గొలుసు ఇలా ఉంటుంది. ఈరోఎఫ్ఎస్ ఇమేజ్ నుంచి డీఎం-వెరిటీ చివరి హ్యాష్ వస్తుంది. ఆ హ్యాష్‌ని కెర్నెల్ కమాండ్ లైన్లో రాస్తాం. కెర్నెల్, ఇనిట్‌ఆర్‌డీ (బూట్ మొదట్లో నడిచే చిన్న తాత్కాలిక వ్యవస్థ), ఆ కమాండ్ లైన్ మూడింటినీ యూకేఐ అనే ఒకే ఫైలుగా చుట్టి మన కీతో సంతకం చేస్తాం. ఫర్మ్‌వేర్‌లోని సెక్యూర్ బూట్ ఆ సంతకాన్ని చూస్తుంది. ఇక ఆ కెర్నెల్ ఆ ఒక్క /యూఎస్ఆర్‌నే ఒప్పుకుంటుంది. ఒక్క బైటు మారినా ఆ బ్లాక్ చదివిన క్షణంలో ఎర్రర్ వస్తుంది. మొత్తం డిస్క్‌ని బూట్‌లో ముందే చదివి సరిచూడదు, ఏ బ్లాక్ అడిగితే ఆ బ్లాకే. అందుకే బూట్ వేగం తగ్గదు.

ఇందులో ఇంకో లాభం దాగుంది. కెర్నెల్ మాడ్యూళ్లు /యూఎస్ఆర్‌లో ఉంటాయి, కెర్నెల్ ఏమో ఈఎస్‌పీలో. రెండూ వేరు వేరు వెర్షన్లవి కావడమే నా పాత డెస్క్‌టాప్‌ని చంపింది. యూకేఐ లోపల హ్యాష్ ఉంది కాబట్టి ఇప్పుడు ఆ జంట విడిపోదు.

ఈ గొలుసు /ఈటీసీని కాపాడదు. ల్యాప్‌టాప్ ఎత్తుకెళ్లినవాడు డిస్క్ బయటికి తీసి /ఈటీసీలో ఒక సర్వీస్ ఫైలు పడేస్తే అది రూట్‌గా నడుస్తుంది. రూట్ పార్టిషన్‌కి లక్స్ ఎన్‌క్రిప్షన్ పెట్టమన్నది అందుకే. దాని కీని టీపీఎం (కీలు దాచే) చిప్‌కి కట్టేస్తే ప్రతిసారీ పాస్‌వర్డ్ కొట్టక్కర్లేదు. కానీ ఫర్మ్‌వేర్ సెట్టింగులు మారినప్పుడు టీపీఎం తాళం తీయనంటుంది. రికవరీ కీని ప్రింట్ తీసి బీరువాలో పెట్టమని మొదటి లాగిన్‌లోనే చెప్పండి. ఫోన్లో ఫోటో తీసుకుంటామంటారు, ఒప్పుకోకండి.

6. /ఈటీసీ అనే తలనొప్పి

ఓఎస్ డిఫాల్టూ, యంత్రం సెట్టింగూ ఒకే ఫైల్లో కలిసిపోయే చోటు ఇది. మీ కాగితం మీద మొదటి రెండు గళ్ల మధ్య గీత సరిగ్గా ఇక్కడే చెరిగిపోతుంది.

ఓఎస్‌ట్రీ దీన్ని ముగ్గురి పంచాయితీలా తేలుస్తుంది. పాత డిఫాల్ట్, కొత్త డిఫాల్ట్, ఇప్పుడున్న ఫైలు మూడూ పక్కపక్కన పెట్టి, మీరు ముట్టుకోని ఫైలైతే కొత్త డిఫాల్ట్ ఇస్తుంది, మార్చిన ఫైలైతే మీదే ఉంచుతుంది. స్టీమ్‌ఓఎస్ ఓవర్‌లే వాడింది: కింద ఇమేజ్‌లోని /ఈటీసీ, దాని మీద /వార్‌లో దాచిన పారదర్శకమైన పొర.

ఓవర్‌లే మొదట చాలా అందంగా కనిపిస్తుంది. దాని మెలిక ఏడాది తర్వాత బయటపడుతుంది. వాడే మనిషి ఒక ఫైల్లో ఒక్క అక్షరం మార్చినా ఆ ఫైలు మొత్తం పై పొరలోకి కాపీ అవుతుంది. ఆ తర్వాత ఇమేజ్‌లో ఆ ఫైలుకి మీరు ఎన్ని సవరణలు చేసినా అతనికి కనిపించవు. ఒకరోజు కొత్త వెర్షన్ లాగిన్ పద్ధతి మారుస్తుంది, అతని దగ్గర మాత్రం పాత ఫైలే అడ్డంగా కూర్చుంటుంది, లాగిన్ కాదు.

నేను ఎంచుకునేది మూడో దారి: డిఫాల్ట్‌లన్నీ /యూఎస్ఆర్‌లోనే పెట్టడం, /ఈటీసీని దాదాపు ఖాళీగా మొదలుపెట్టడం. సిస్టమ్‌డీ తన సెట్టింగులని ముందు నుంచీ ఇలాగే చదువుతుంది, యూడెవ్, డీబస్ కూడా. మార్పు కావాలంటే డ్రాప్-ఇన్ ఫోల్డర్‌లో రెండు వరసల చిన్న ఫైలు. /ఈటీసీలోనే ఫైలు ఉండి తీరాలనే మొండి ప్రోగ్రాములు కొన్ని ఉంటాయి, వాటికి టెంప్‌ఫైల్స్ అనే సిస్టమ్‌డీ ఏర్పాటుతో బూట్‌లో /యూఎస్ఆర్ నుంచి లింకు వేయించండి. ఒక్కో ప్రోగ్రామునీ ఇలా ఒప్పించడానికి ఓపిక కావాలి. బదులుగా ఒక వరం దక్కుతుంది: /ఈటీసీ, /వార్ చెరిపేసి రీబూట్ చేస్తే కొత్త కంప్యూటర్. ఫ్యాక్టరీ రీసెట్‌కి విడిగా కోడ్ రాయక్కర్లేదు.

7. రోల్‌బ్యాక్ చేస్తే డేటా ఏమవుతుంది?

ఓఎస్ వెనక్కి వెళ్తుంది, డేటా వెళ్లదు. సమస్య అంతా ఇదే. కొత్త వెర్షన్ ప్రోగ్రాం తన డేటా ఫైల్ని కొత్త రూపంలోకి మార్చుకుంది అనుకోండి. మీరు రోల్‌బ్యాక్ చేశారు. పాత ప్రోగ్రాంకి ఆ రూపం అర్థం కాదు. ఫైర్‌ఫాక్స్ 67వ వెర్షన్ నుంచి కొత్త ప్రొఫైల్‌ని పాత వెర్షన్‌తో తెరవనివ్వదు. ఓఎస్ ఇమేజ్‌లో ఫైర్‌ఫాక్స్ పెట్టి రోల్‌బ్యాక్ చేసి చూడండి, బుక్‌మార్కులన్నీ పోయాయని ఫోన్ వస్తుంది. పోలేదు, తెరుచుకోలేదంతే. అది విని ఊరుకునేవాళ్లు ఉండరు.

/వార్‌ని కూడా స్నాప్‌షాట్ తీసి వెనక్కి తిప్పుదామనిపిస్తుంది. చేయకండి. సోమవారం రోల్‌బ్యాక్ చేస్తే ఆదివారం రాత్రి చేరిన మెయిలూ, ప్రింట్ క్యూ, లాగ్‌లూ ఎగిరిపోతాయి. దీనికి విరుగుడు ఒకటే: సొంత డేటా ఉన్న ప్రోగ్రాములు ఓఎస్ ఇమేజ్‌లో వీలైనంత తక్కువ ఉండాలి.

8. యాప్‌లు, డ్రైవర్లు, మొండికేసేవి

మామూలు యాప్‌లకి ఫ్లాట్‌ప్యాక్. అవి /వార్‌లో ఉంటాయి, ఓఎస్‌తో పాటు వెనక్కి వెళ్లవు, పై చిక్కు చాలామటుకు తీరిపోతుంది. కోడ్ రాసేవాళ్లకి టూల్‌బాక్స్ లేదా డిస్ట్రోబాక్స్: లోపల మామూలు ఫెడోరానో ఉబుంటూనో, ఏం వేసుకున్నా, ఏం పాడుచేసుకున్నా బయటికి రాదు. ఇమేజ్‌లో ఏది ఉండాలి అనేదానికి నా కొలత ఇది: లాగిన్ తెర రాకముందే కావాల్సినది, హార్డ్‌వేర్‌ని నేరుగా ముట్టుకునేది. మిగతాదంతా బయటే.

ఎన్‌విడియా కార్డు ఉంటే కెర్నెల్ మాడ్యూల్‌ని యంత్రం మీద కట్టడం కుదరదు. ఇమేజ్ కట్టేటప్పుడే కట్టి, సంతకం చేసి పెట్టాలి. అంటే రెండు ఇమేజ్‌లు, రెండింతల పరీక్షలు. ఈ ఖర్చు ముందే ఒప్పుకోండి.

మన దగ్గర ఇంకో మొండిఘటం డిజిటల్ సంతకపు యూఎస్‌బీ టోకెన్. ఆడిటర్ల ఆఫీసుల్లో జీఎస్టీకీ, టెండర్లకీ అది లేనిదే పొద్దు గడవదు. దాని డ్రైవర్ ఒక ప్యాకేజీగా వచ్చి, తన లైబ్రరీని నేరుగా /యూఎస్ఆర్‌లో రాయబోయి రీడ్-ఓన్లీ అని తెలిసి చతికిలబడుతుంది. ఇలాంటివాటికి సిస్ఎక్స్‌ట్ ఉంది. ప్యాకేజీని విప్పి /యూఎస్ఆర్ ఆకారంలో చిన్న ఇమేజ్ చేస్తే, బూట్ అయ్యాక అది అసలు /యూఎస్ఆర్ మీద పొరలా పరుచుకుంటుంది. తీసేస్తే జాడ ఉండదు. ఇంతా చేసి బ్రౌజర్ ఫ్లాట్‌ప్యాక్‌లో ఉంటే ఆ లైబ్రరీ దానికి కనిపించదు. అందుకే ఆఫీసుల కోసం కట్టే ఇమేజ్‌లో నా కొలతని నేనే పక్కనపెట్టి ఒక బ్రౌజర్ లోపల పెడతాను. ఫైర్‌ఫాక్స్ గొడవ గుర్తుంది. నెలాఖరున ఆడిటర్‌ని ఆపేకంటే అదే నయం.

9. అప్‌డేట్ పంపడం

సిస్టమ్‌డీ-సిస్‌అప్‌డేట్ సర్వర్‌లో కొత్త వెర్షన్ ఉందేమో చూసి, సంతకం సరిచూసి, ఖాళీ స్లాట్‌లోకి దించుతుంది. నడుస్తున్న స్లాట్ జోలికి పోకుండా సెట్టింగులో ఒక వరస రాయాలి. దించే వరస ముఖ్యం: ముందు /యూఎస్ఆర్, తర్వాత వెరిటీ, అన్నిటికంటే చివర యూకేఐ. యూకేఐ వచ్చేదాకా బూట్ మెనూకి కొత్త వెర్షన్ ఉందనే తెలియదు. మధ్యలో కరెంటు పోయిందా, పోనివ్వండి. సగం నిండిన స్లాట్ అనామకంగా పడి ఉంటుంది, మళ్లీ మొదటి నుంచి నింపుతారు.

బరువు మాత్రం సమస్యే. ప్రతిసారీ రెండున్నర జీబీ. రోజుకి జీబీన్నర డేటా ప్యాక్‌తో ఫోన్ హాట్‌స్పాట్ మీద బతికేవాళ్లకి ఇది అన్యాయం. ఓఎస్‌ట్రీ అయితే మారిన ఫైళ్లే దించుతుంది, ఏ-బీ పద్ధతి అక్కడ ఓడిపోతుంది. డీసింక్ లాంటి పనిముట్లతో ఇమేజ్‌ని ముక్కలు చేసి పాత స్లాట్‌లో లేని ముక్కలే తెప్పించొచ్చు, కానీ ఇంకో యంత్రాంగాన్ని మోయాలి. ల్యాబ్‌లోనో ఆఫీసులోనో ముప్పై కంప్యూటర్లుంటే అదేమీ వద్దు, లోపలి నెట్‌వర్క్‌లో ఒక పాత డబ్బాని మిర్రర్ చేయండి. మీటర్ ఉన్న కనెక్షన్ అని నెట్‌వర్క్‌మేనేజర్ చెబితే దించకండి. అత్యవసర భద్రతా సవరణ కాకపోతే వారానికో ఇమేజ్ చాలు.

10. బాగుందో లేదో ఎవరు చెప్పాలి?

కొత్త యూకేఐ ఫైలు పేరు చివర "+3" అని పెడతాం. సిస్టమ్‌డీ-బూట్ కెర్నెల్‌ని మొదలుపెట్టేముందే ఆ అంకె తగ్గిస్తుంది: "+2-1", "+1-2", "+0-3". కెర్నెల్ గడ్డకట్టి మీరు పవర్ బటన్ నొక్కినా ఆ ప్రయత్నం లెక్కలోకి వచ్చేసింది. బూట్ బాగా అయిందని తేలితే లెక్క చెరిగిపోయి ఫైలు పేరు శుభ్రమవుతుంది. సున్నాకి చేరితే ఆ ఎంట్రీ వరసలో అడుక్కి పోయి పాత వెర్షన్ ముందుకొస్తుంది.

"బాగా" అంటే ఏమిటో మీరే రాయాలి. లాగిన్ సర్వీసు నిలబడాలి, రూట్ తెరుచుకుని /హోమ్ కనిపించాలి. ఇంటర్నెట్ ఉండాలని మాత్రం రాయకండి. నేను రాశాను. వానకి బ్రాడ్‌బ్యాండ్ పోయిన రోజు ఏ లోపం లేని కొత్త వెర్షన్‌ని నా ల్యాప్‌టాప్ మూడుసార్లు తిరస్కరించి పాతదానికి పారిపోయింది. తెర నల్లగా ఉండి లాగిన్ సర్వీసు మాత్రం "నేను బాగానే ఉన్నా" అనే సందర్భాన్ని యంత్రం పట్టుకోలేదు. అప్పుడు మనిషే ఆన్ చేస్తూ స్పేస్ కీ నొక్కి పట్టుకుని మెనూలో పాతది ఎంచుకోవాలి. ఈ ఒక్క వాక్యం ల్యాప్‌టాప్ మూత మీద చీటీ రాసి అంటించినా తప్పులేదు.

11. చేతులారా పాడుచేసి చూడటం

క్యూఈఎంయూలో వర్చువల్ మెషీన్ పెట్టి అన్ని రకాలుగా హింసించండి. దించేటప్పుడు, స్లాట్‌లోకి రాసేటప్పుడు, యూకేఐ కాపీ అయ్యేటప్పుడు మెషీన్‌ని చంపండి, ఒక్కోటి పదేసి సార్లు. /యూఎస్ఆర్ పార్టిషన్ మధ్యలో ఒక బైటు మార్చి ఆ ఫైలు తెరవండి, ఎర్రర్ రావాలి. /వార్‌ని నిండా నింపి బూట్ చేయండి. డిస్క్ నిండితే లాగిన్ తెర కూడా రాని డెస్క్‌టాప్‌లు ఎన్నో ఉన్నాయి. నాలుగు నెలల పాత ఇమేజ్ నుంచి నేరుగా ఈ వారం దానికి దూకండి, యూజర్ నంబర్ల తప్పులు అప్పుడే బయటపడతాయి.

చివరి పరీక్షకి కావాలనే చెడ్డ ఇమేజ్ ఒకటి కట్టండి, లాగిన్ సర్వీసు తీసేసి. దాన్ని అప్‌డేట్‌గా పంపి రీబూట్ చేసి చేతులు కట్టుకుని కూర్చోండి. బూట్ తనిఖీ తప్పితే తనే రీబూట్ అయ్యేలా పెట్టకపోతే మూడుసార్లూ బటన్ మీరే నొక్కాలి. నాలుగోసారి పాత వెర్షన్ లాగిన్ తెర వస్తుంది. ఈఎస్‌పీ తెరిచి చూస్తే చెడ్డ ఫైలు పేరు చివర "+0-3" అని ఉంటుంది. అది కనబడ్డాకే ఇమేజ్‌ని ఇంకొకరి ల్యాప్‌టాప్‌లో వేయండి.